కత్తి పట్టింది ఒక్కడే.. ఏడేళ్లు నలుగురికా? దోపిడీ కేసులో అప్పీల్ ఇలా

ఏలూరు: చేపల డబ్బుతో రాత్రిపూట తాడేపల్లిగూడెం వైపు వెళ్తున్న వ్యాపారిని నలుగురు అడ్డగించారనుకుందాం. ఒకడు కత్తి చూపించాడు. మిగతా ముగ్గురు బండి ఆపి బ్యాగ్ లాక్కున్నారు. సెషన్స్ కోర్టు నలుగురికీ తలా ఏడేళ్లు వేసింది. కొల్లేరు లంక గ్రామాల్లో ఉన్న వాళ్ల కుటుంబాలకు ఇక దారి లేదా? ఉంది. కాకపోతే గడువులోపే కదలాలి.

సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే అప్పీల్ అమరావతిలోని హైకోర్టుకే వెళ్లాలి. తీర్పు వచ్చిన రోజు నుంచి 60 రోజుల గడువు. మేజిస్ట్రేట్ కోర్టు వేసిన చిన్న శిక్షైతే సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లోపు. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు ఈ లెక్కలోకి రావు. జైలు శిక్ష పడిన వ్యక్తికి తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. చాలామందికి ఈ సంగతే తెలియదు!

అసలు కిటుకు ఐపీసీ 397లో ఉంది. దోపిడీలో మారణాయుధం వాడితే కనీసం ఏడేళ్లు అంటుంది ఈ సెక్షన్. 2024 జులై 1 తర్వాత జరిగిన నేరాలకు బీఎన్‌ఎస్ 311. ఈ సెక్షన్ నిలబడినంత వరకు హైకోర్టు కూడా ఏడేళ్లకు తగ్గించలేదు. పేదవాళ్లం, చిన్న పిల్లలున్నారు అని ఎంత వేడుకున్నా లాభం ఉండదు. అందుకే లాయర్లు ముందు ఆ సెక్షన్ మీదే వాదిస్తారు.

ఫూల్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 1975లోనే రెండు మాటలు తేల్చింది. పొడవక్కర్లేదు, బాధితుడికి కనిపించేలా కత్తి పట్టుకున్నా ‘వాడినట్టే’. అయితే ఈ కనీస శిక్ష ఆయుధం వాడిన వాడికే, పక్కనున్న వాళ్లకు కాదు. 2021లోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అంటే పై ఉదాహరణలో ముగ్గురికి ఊరట దొరికే ఛాన్స్ ఉంది. అలాగని బయటపడినట్టు కాదు.. మామూలు దోపిడీ సెక్షన్ 392 ఉండనే ఉంది. దానికే పదేళ్ల దాకా పడొచ్చు. సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు హైవే మీద జరిగితే 14 ఏళ్లు. ఐదుగురు కలిస్తే అది బందిపోటు దోపిడీ, యావజ్జీవం దాకా వెళ్తుంది.

అప్పీల్ వేయగానే జైలు నుంచి వదిలేస్తారా? వదలరు. శిక్ష నిలిపివేసి బెయిల్ ఇవ్వాలని విడిగా పిటిషన్ వేయాలి. ఇలాంటి కేసుల్లో ప్రభుత్వ లాయర్‌కు అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే కోర్టు నిర్ణయిస్తుంది. అటు డబ్బు పోగొట్టుకున్న వ్యాపారికీ హక్కు ఉంది. నిందితులను వదిలేసినా, తక్కువ నేరం కింద శిక్ష వేసినా ఆయనా అప్పీల్‌కు వెళ్లొచ్చు.

అన్ని అప్పీళ్లూ ఫలించవు. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీకి దిగి 23 మంది ప్రాణాలు తీసిన కేసులో ఇద్దరికి ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది. చివరికి అది యావజ్జీవంగా మారింది రాష్ట్రపతి క్షమాభిక్షతోనే.

లాయర్‌ను పెట్టుకునే స్థోమత లేకపోతే జైలు సూపరింటెండెంట్‌కే అప్పీల్ పత్రం ఇవ్వొచ్చు, ఆయనే కోర్టుకు పంపాలి. ఖైదీకి ఉచిత లాయర్‌ను లీగల్ సర్వీసెస్ అథారిటీ ఇస్తుంది, ఆదాయం ఎంతని అడగరు. హెల్ప్‌లైన్ నంబర్ 15100. 60 రోజులు దాటిపోయినా ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే హైకోర్టు అప్పీల్‌ను స్వీకరించొచ్చు.