తెర వెనక ఆడియోడీజీ

విండోస్ కంప్యూటర్లో ఏదో పాట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. జాబితాలో ఎక్కడో ఒకచోట 'విండోస్ ఆడియో డివైస్ గ్రాఫ్ ఐసొలేషన్' అనే పొడుగాటి పేరు కనిపిస్తుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళితే అదే ఆడియోడీజీ డాట్ ఈఎక్స్ఈ. మామూలు రోజుల్లో అది ప్రాసెసర్‌ను వాడుకునేది లెక్కలోకి రానంత. ఏదో ఒకరోజు మాత్రం పది పదిహేను శాతం లాగేస్తూ, ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తిస్తూ పట్టుబడుతుంది. వైరస్సేమోనని భయపడి చాలామంది ఎండ్ టాస్క్ నొక్కేస్తారు. పాట ఆగిపోతుంది. కాసేపటికి ఆ ప్రోగ్రాం మళ్లీ లేచి కూర్చుంటుంది.

లేవక తప్పదు మరి. కంప్యూటర్లో మనం వినే ధ్వనుల్లో దాదాపు అన్నీ దాని చేతుల మీదుగానే స్పీకరుకు చేరతాయి. ఇంత ముఖ్యమైన పనివాణ్ని ఇంతమంది అనుమానిస్తున్నారే అన్న బాధతోనే దాని కథ చెప్పాలనిపించింది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఆడియోడీజీ లేదు. రకరకాల ప్రోగ్రాముల శబ్దాలను కలిపి సౌండ్ కార్డుకు అందించే పని కేమిక్సర్ అనే భాగం చేసేది. అది ఉండేది కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడిలో. సౌండ్ కార్డు కంపెనీలు తమ డ్రైవర్లతోపాటు బాస్ పెంచే కోడు, సరౌండ్ భ్రమ కల్పించే కోడు కూడా తెచ్చి అక్కడే దించేవి. కెర్నెల్‌లో నడిచే కోడుకు అడ్డూ ఆపూ ఉండదు. ఒక పాయింటర్ తప్పు చోటును తాకితే చాలు, నీలి తెర వచ్చి యంత్రం మొత్తం కూలిపోతుంది. రాస్తున్న ఉత్తరం, తెరిచి ఉన్న లెక్కల పుస్తకం, అన్నీ దానితోపాటే పోతాయి. బాస్ కాస్త గట్టిగా వినబడాలన్న కోరికకు అది చాలా పెద్ద మూల్యం.

2007 జనవరి 30న జనం చేతికి వచ్చిన విండోస్ విస్టా కోసం మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు ధ్వని వ్యవస్థను పునాదుల నుంచీ మళ్లీ కట్టారు. మిక్సింగును, మెరుగులు దిద్దే పనిని కెర్నెల్ నుంచి బయటికి తెచ్చారు. తెచ్చి విండోస్ ఆడియో సర్వీసులోనే పెట్టేస్తే పని అయిపోయేది. కానీ ఆ సర్వీసు మరికొన్ని సర్వీసులతో ఒకే ప్రాసెస్‌లో కాపురం ఉండేది. బయటి కంపెనీల కోడు అక్కడ పేలితే పక్కవాళ్లకూ దెబ్బే. దీపావళికి బాణసంచా దుకాణాలను ఊరి బయట మైదానంలో పెట్టించినట్టు, ఈ పనికి ఒక ప్రత్యేక ప్రాసెస్ కట్టించారు. ఆడియోడీజీ పుట్టింది అలా. విస్టా ఆడియో బృందంలో పనిచేసిన లారీ ఆస్టర్‌మన్ ఈ కారణాన్ని తర్వాత బహిరంగంగానే వివరించారు. రెండో కారణం కాపీరైటు. రక్షణ ఉన్న సినిమా, సంగీతం ధ్వనిని దారిలో మరో ప్రోగ్రాం దొంగిలించకుండా విస్టాలో ఆడియోడీజీని రక్షిత ప్రాసెస్‌గా ఉంచారు. అడ్మినిస్ట్రేటరుకైనా దాని కడుపులోకి తొంగిచూసే వీలుండేది కాదు.

ఈ మార్పు అందరికీ నచ్చలేదు. డైరెక్ట్‌సౌండ్ ద్వారా ఆటల ధ్వని నేరుగా సౌండ్ కార్డులోకి వెళ్లే దారి విస్టాలో మూతపడింది. సౌండ్ కార్డులు చేసే క్రియేటివ్ కంపెనీ ఈఏఎక్స్ ధ్వని ప్రభావాలు వాడుకునే పాత ఆటలు ఒక్కసారిగా చప్పబడ్డాయి. ఆ కంపెనీయే ఆల్కెమీ అనే ప్రోగ్రాం రాసి వాటికి మళ్లీ ప్రాణం పోసింది. ఆటగాళ్ల కోపంలో న్యాయం ఉంది. అయినా నీలి తెరలు చూసి విసిగినవాళ్ల సంగతి తలచుకుంటే ఆ నిర్ణయం సరైనదేనంటాను.

ఇంతకీ లోపల జరిగేది ఏమిటి? ధ్వనిని సెకనుకు 48,000 సంఖ్యలుగా ముక్కలు చేసి పంపుతారనుకుందాం. ఆడియోడీజీ సాధారణంగా 10 మిల్లీసెకన్లకోసారి నిద్రలేస్తుంది. అంటే ఒక్కో విడతలో ఒక్కో చానెల్‌కు 480 సంఖ్యలు. పాట, బ్రౌజరు, మెయిలు వచ్చిన గంట, ఎవరు పంపిన సంఖ్యలైనా కలుపుతుంది. ఏపీఓలు అనే చిన్న చిన్న ప్రోగ్రాముల గుండా వాటిని నడిపిస్తుంది. ఒకటి బాస్ పెంచుతుంది, ఇంకొకటి చిన్న శబ్దాలను పెద్దవి చేస్తుంది, వేరొకటి రెండు స్పీకర్లలోంచే చుట్టూ ధ్వని ఉన్న భావన కలిగిస్తుంది. వీటిలో కొన్ని విండోస్‌వి. చాలా ల్యాప్‌టాప్‌లలో రియల్‌టెక్, డాల్బీ, డీటీఎస్, వేవ్స్ వంటి కంపెనీలవీ ఉంటాయి. పని అంతా ఆ 10 మిల్లీసెకన్లలో ముగిసిపోవాలి. ఒక్క విడత ఆలస్యమైనా స్పీకర్లో 'టప్' మంటుంది.

కాబట్టి ఆడియోడీజీ ప్రాసెసర్‌ను తినేస్తోందంటే, సాధారణంగా తింటున్నది దాని ఇంట దిగిన చుట్టాలు, ఈ ఏపీఓలు. సిగ్నల్ ప్రాసెసింగ్ కోడు రాసేవాళ్లకు బాగా తెలిసిన ఒక వింత ఉంది. పాట అయిపోయాక ప్రతిధ్వని తోక సన్నబడుతూ పోతుంది. లోపలి సంఖ్యలు 10కి మైనస్ 38వ ఘాతం కన్నా చిన్నవైపోతాయి. వీటిని డీనార్మల్ సంఖ్యలంటారు. చాలా ప్రాసెసర్లకు వీటితో లెక్క చేయడం మామూలు లెక్క కన్నా ఎన్నో రెట్లు భారం. కోడు రాసినవాళ్లు ఇంత చిన్న సంఖ్యలను సున్నా చేసేయకపోతే, వినడానికి ఏమీ లేని నిశ్శబ్దంలోనే ప్రాసెసర్ ఎక్కువ చెమటోడుస్తుంది.

చికిత్స సులువు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి మీ స్పీకరు మీద నొక్కితే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి. విండోస్ 10లో సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో స్పీకరు ప్రాపర్టీస్ తెరిస్తే, ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్‌లో అన్నింటినీ ఒకేసారి ఆపే గడి ఉంటుంది. ఆపగానే శాతం పడిపోతే దోషి దొరికినట్టే. ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి కొత్త ఆడియో డ్రైవరు వేసుకుని మళ్లీ ఆన్ చేసి చూడవచ్చు. స్పీకరు ధ్వని ఫార్మాట్‌ను ఎవరైనా 1,92,000 హెర్ట్జ్‌కు పెంచి ఉంటే 48,000కు దించండి, పని నాలుగో వంతు అవుతుంది. ఇక వైరస్ భయం సంగతి. అసలైన ఆడియోడీజీ విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32లోనే ఉంటుంది. టాస్క్ మేనేజర్లో దాని మీద కుడి క్లిక్ చేసి ఫైల్ లొకేషన్ తెరిచి చూడండి. ఇంకెక్కడో నడుస్తుంటే అనుమానించాల్సిందే.

ఈ ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నింటినీ ఎప్పటికీ ఆపేయమని కాదు. లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ వేసుకుంటే అర్ధరాత్రి సినిమాలో గుసగుసలు వినబడతాయి, ఫైటింగు ఇల్లు లేపదు. కానీ అదే ఆన్‌లో ఉంచి కచేరీలో తాళవాద్యాల వంతైన తని ఆవర్తనం వింటే మృదంగం మీద వేలి కొసతో మెల్లగా వేసిన దెబ్బ, అరచేత్తో గట్టిగా వేసిన దెబ్బ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. విద్వాంసుడు ఏళ్ల తరబడి సాధించిన హెచ్చుతగ్గులను యంత్రం చదును చేసేస్తుంది. అక్కడ ఆపాల్సిందే.

మైకులోంచి వచ్చే ధ్వనికీ ఇలాంటి మెరుగులే దిద్దుతారు. ఆ కథ ఇంకా పాతది. ఉపగ్రహం గుండా వెళ్లే ఫోన్ కాల్‌లో మన మాట వెళ్లి తిరిగి వచ్చేసరికి అర సెకను దాటుతుంది. దాంతో ప్రతిధ్వని దుర్భరమయ్యేది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మన్ మోహన్ సోంధీ 1967లో అడాప్టివ్ ఎకో క్యాన్సలర్ మీద పరిశోధన పత్రం ప్రచురించారు. వెళ్లిన ధ్వని ఏ రూపంలో తిరిగి వస్తుందో యంత్రం తనంతట తాను నేర్చుకుంటుంది, అలాంటిదే ఒక నకలు తయారుచేసి తీసివేస్తుంది. నేటి వీడియో కాల్‌లో స్పీకరు ధ్వని మైకులోకి దూరినా అవతలివాళ్లకు తమ గొంతే తిరిగి వినబడకపోవడానికి మూలం ఈ ఆలోచనే. 1979లో యూటా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ బోల్ రొదను తగ్గించే పద్ధతిని వివరించారు. మాట లేని క్షణాల్లో వినబడే ఎడతెగని శబ్దాన్ని కొలిచి, మాట ఉన్నప్పుడు దాన్ని తీసివేయడం. ఫ్యాను చప్పుడు, ఏసీ హోరు అలా మాయమవుతాయి.

ఎడతెగకుండా వినబడేది అంతా రొదేనా? తంబూరా సంగతేమిటి? డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు విజయవాడలోని గురువు దగ్గర ఆన్‌లైన్లో సంగీతం నేర్చుకునేటప్పుడు తలనొప్పి సరిగ్గా ఇక్కడే. శ్రుతి ఆగని ధ్వని కనుక దాన్ని ఫ్యాను కింద జమకట్టి యంత్రం చెరిపేస్తుంది. సాగదీసిన షడ్జమం నడిమధ్యలో సన్నగిల్లుతుంది. గురువు గొంతు తగ్గిందని విద్యార్థి, విద్యార్థి శ్రుతి వదిలేశాడని గురువు అనుకుంటారు.

ఇక్కడ మెరుగులు రెండు అంతస్తుల్లో ఉంటాయి. జూమ్ వంటి కాల్ ప్రోగ్రాంలో ఒకటి, విండోస్‌లో ఇంకొకటి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేసినంత మాత్రాన విండోస్ మైకు ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆగకపోవచ్చు. సౌండ్ సెట్టింగ్స్‌లో మైకును ఎంచుకుని వాటినీ విడిగా ఆపాలి, గురువు దగ్గరా, విద్యార్థి దగ్గరా. అప్పుడు ప్రతిధ్వని తొలగించే పని కూడా ఆగిపోయే అవకాశం ఉంది కనుక ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, తంబూరా యాప్ వేరే ఫోన్‌లో మోగించి మైకు దగ్గర ఉంచాలి.