ఐఫోనా? ఆండ్రాయిడా? – ఒక విచారణ

ఎద్దుల సంతకు పోయిన రైతు కొమ్ములకు పూసిన రంగును చూచి బేరమాడడు. ఎద్దు నోరు తెరచి పళ్లు పట్టి చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. ఎన్నేళ్లు కాడి మోయగలదో మనసులో లెక్క వేసుకొనిన తరువాతనే ధర మాట ఎత్తును. అదే రైతు కుమారుడు కళాశాల విద్యార్థియై సెల్‌ఫోను కొనుటకు బజారుకు పోయినప్పుడు మాత్రం ఈ వివేకాన్ని ఇంటివద్దనే విడిచిపోవుచున్నాడు. వెనుకవైపు ఎన్ని కెమెరా కన్నులున్నవి, ఏ గుర్తు ఉన్నది అను రెండు ప్రశ్నలతోనే బేరం ముగియుచున్నది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినందున మన చిలమత్తూరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినది కాని ఆకాశం మారలేదు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం గల పూర్వపు అనంతపురం జిల్లా కరవు నేల ఇది. వాన వచ్చిన ఏడు వేరుసెనగ చేతికందును; రానియేడు విత్తనం ఖర్చు సైతం తిరిగి రాదు. ఇట్టి ఇంటిలో పదిహేను వేల రూపాయల వస్తువు కొనుట చిన్న విషయం కాదు. అరవై వేల వస్తువైనచో చెప్పనక్కరలేదు. కనుక నేటి విద్యార్థులు నిత్యం వాదులాడుకొను ఈ ప్రశ్నను శాంతంగా విచారించుట అవసరం.

ముందు ఈ రెండు వంశాల పుట్టుపూర్వోత్తరాలను తెలుసుకొందము. అమెరికాకు చెందిన ఆపిల్ సంస్థ మొదటి ఐఫోన్‌ను 2007లో విడుదల చేసినది. మన దేశపు విపణిలో ఐఫోన్ 2008లో ప్రవేశించినది. యంత్రమును, దానిని నడిపించు వ్యవస్థను రెంటినీ ఒకే సంస్థ రూపొందించుట ఐఫోన్ లక్షణం. ఆండ్రాయిడ్ మార్గం వేరు. అది ఫోను పేరు కాదు, ఫోనును నడిపించు వ్యవస్థ పేరు. గూగుల్ సంస్థ దానిని పెంచి పోషించి, ఇతర కంపెనీలు తమ యంత్రాలలో వాడుకొనుటకు వీలు కల్పించినది. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వెలువడినది. శాంసంగ్, షావోమి మొదలైన అనేక సంస్థలు ఈ వ్యవస్థతోనే ఫోన్లను తయారుచేయుచున్నవి. అందుచేతనే ఆండ్రాయిడ్‌లో ఏడువేల ఫోనూ ఉన్నది, లక్ష దాటిన ఫోనూ ఉన్నది. “ఆండ్రాయిడ్ మంచిదా?” అని అడుగుట “బస్సు మంచిదా?” అని అడుగుట వంటిది. ఏ బస్సు, ఏ దారిన పోవునది అని తెలియనిదే సమాధానం చెప్పలేము.

ఈ రెండు వంశాలూ మన ప్రాంతానికి దూరపు చుట్టాలేమీ కావు. మన మండలంలోని కొడికొండ మీదుగా పోవు 44వ జాతీయ రహదారి బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి దేవనహళ్లి చేరును. ఆ దేవనహళ్లిలో ఫాక్స్‌కాన్ సంస్థ నెలకొల్పిన కర్మాగారంలో 2025 నుండి ఐఫోన్ల కూర్పు జరుగుచున్నది. అదే సంస్థ మన రాష్ట్రంలోని శ్రీసిటీలో 2015లోనే షావోమి ఆండ్రాయిడ్ ఫోన్ల కూర్పును ఆరంభించినది. కనుక ఒకటి విదేశీ వైభవమనీ, మరొకటి నాటు సరుకు అనీ భావించుట పొరపాటు.

ఇక గుణదోషాలను పరిశీలింతము. అంగడిలో మనలను మొదట ఆకర్షించునవి అంకెలు. “108 మెగాపిక్సెల్ కెమెరా” అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వ్రాయుదురు. ప్రక్కన 2019 నాటి ఐఫోన్ 11 కెమెరా 12 మెగాపిక్సెళ్లు మాత్రమే. మొదటిది తొమ్మిది రెట్లు గొప్పదని అమాయకుడు తలచును. వాస్తవానికి ఇట్టి పెద్ద కెమెరాలలో చాలా వరకు పక్కపక్కనున్న తొమ్మిది చిన్న బిందువులను కలిపి ఒకే బిందువుగా లెక్కించును. 108ని తొమ్మిదితో భాగింపగా వచ్చునది 12 మాత్రమే! సాధారణంగా తీయు ఫోటో ఆ 12 మెగాపిక్సెళ్లదే. కటకం నాణ్యత, వెలుతురును గ్రహించు పలక పరిమాణం, చిత్రాన్ని సరిదిద్దు గణనశక్తి – ఇవి బొమ్మ బాగోగులను నిర్ణయించునవి. ర్యామ్ విషయమూ అంతే. ఐఫోన్ తక్కువ ర్యామ్‌తో పని గడుపుకొనునట్లు నిర్మింపబడినది. 4 జీబీల ఐఫోన్‌ను 8 జీబీల ఆండ్రాయిడ్‌తో అంకెను బట్టి పోల్చుట తులాలతో గజాలను పోల్చుట వంటిది. పైన పటారం, లోన లొటారం అను సామెత ఇట్టిచోట గుర్తుంచుకొనదగినది.

అంకెలకంటె ముఖ్యమైనది ఆయుర్దాయం. ఫోను పగిలిపోయినప్పుడు మాత్రమే చచ్చిపోవుననుకొనరాదు. దానిని కాపాడు సెక్యూరిటీ అప్‌డేట్లను తయారీదారు నిలిపివేసిననాడే దాని అసలు వార్ధక్యం ఆరంభమగును. బ్యాంకు వ్యవహారాలు, చెల్లింపులు ఫోనులో జరుపుకొను ఈ కాలంలో ఇది అల్ప విషయం కాదు. ఈ అంశంలో ఐఫోన్‌కు పూర్వంనుండి మంచి పేరున్నది. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నమూనాలకు 2024 వరకు ఏటేటా కొత్త వ్యవస్థ అందినది. 2025లో మాత్రమే అవి జాబితానుండి తప్పినవి. ఆండ్రాయిడ్ ఈ విషయంలో చాలాకాలం వెనుకబడి ఉండెను. కాని 2023లో గూగుల్ తన పిక్సెల్ 8కు, 2024లో శాంసంగ్ తన ఎస్24కు ఏడేళ్ల హామీని ప్రకటించినవి. అంతకంటె మనకు ఉపయుక్తమైన వార్త ఏమనగా, సామాన్యునికి అందుబాటులో ఉండు శాంసంగ్ ఏ16 5జీకి సైతం 2024లో ఆరేళ్ల హామీ లభించినది. అయితే తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ ఇట్టి హామీ లేదు. కావున కొనుటకు ముందు “దీనికి ఎన్నేళ్ల అప్‌డేట్లు?” అని అడుగుట విద్యార్థి విధి.

ఆయువు తీరిన ఫోనుకు కలుగు గతికి ఒక ఉదాహరణ చాలును. 2014లో వచ్చిన ఐఫోన్ 6 ఒకనాడు వైభవ చిహ్నంగా వెలిగినది. 2025లో వాట్సాప్ సంస్థ ఆ నమూనాకు తన సేవను నిలిపివేసినది. అదే 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేర వాట్సాప్ ద్వారా పౌరసేవలను ప్రారంభించినది. ఇంటర్మీడియట్ హాల్ టికెట్లు సైతం ఆ మార్గాన లభించినవి. అనగా అట్టి పాత ఐఫోన్‌ను మోజుతో కొనినవాడు ఆపిల్ గుర్తును మాత్రం చూచుకొని, హాల్ టికెట్ కొరకు ప్రక్కవాని ఆండ్రాయిడ్‌ను అడుగవలసి వచ్చును.

బ్యాటరీ సంగతి. రెండు వంశాలలోనూ ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీయే. వాడుకతో దాని శక్తి క్షీణించుట ప్రకృతి ధర్మం. ఐఫోన్ 14, అంతకు ముందటి నమూనాలు 500 పూర్తి చార్జీల పిమ్మట తొలినాటి శక్తిలో 80 శాతం నిలుపుకొనునట్లు రూపొందింపబడినవని ఆపిల్ సంస్థ చెప్పుచున్నది. ఐఫోన్‌ను 35 డిగ్రీల వేడిమికి మించినచోట వాడరాదనియు ఆ సంస్థయే సూచించినది. మన వేసవిలో 40 డిగ్రీలు సామాన్యం! ఏ ఫోనైనను ఎండలో బండిమీద పెట్టుట, దిండుక్రింద ఉంచి చార్జి చేయుట దాని ఆయువును మనమే హరించుట అగును. ఇచట ఏ సంస్థయు నిర్దోషి కాదు. శాంసంగ్ నోట్ 7 బ్యాటరీలు మండిపోవుటచే 2016లో ఆ ఫోన్లన్నిటినీ వెనుకకు తీసుకొనవలసి వచ్చినది. బ్యాటరీ ముసలిదైన ఐఫోన్ల వేగాన్ని తగ్గించినట్లు 2017లో ఆపిల్ అంగీకరించి క్షమాపణ చెప్పుకొనినది. ఒక సంస్థను భక్తితో కొలుచుట విద్యావంతుల లక్షణం కాదని ఈ రెండు ఉదంతాలు బోధించుచున్నవి.

తెలుగు, ఉర్దూ రెండు భాషలు వినబడు మన కళాశాలవారు మరి ఎవ్వరికంటె ఎక్కువగా పరిశీలింపవలసిన అంశం లిపి. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనబడేవి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0తో ఫోను మెనూలు సైతం తెలుగులో చదువుకొను వీలు కలిగినది. ఐఫోన్‌లో తెలుగు టైపు చేయుట ముందే సాధ్యమైనను, మెనూలన్నీ తెలుగులోను, ఉర్దూలోను కనబడు సౌకర్యం 2025లో వచ్చిన ఐఓఎస్ 18.4తో మాత్రమే లభించినది.

ఉర్దూకు సంబంధించిన చిక్కు మరొకటి. ఉర్దూ పాఠకుని కన్నుకు అలవాటైనది వాలుగా జారు నస్తాలీఖ్ లిపి. ఫోన్లు చాలాకాలం అరబ్బీకి తగిన నస్ఖ్ లిపిలోనే ఉర్దూను చూపెడివి. చదువవచ్చును గాని, పరాయి ఇంట భోజనం చేసినట్లుండును. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్‌లో నస్తాలీఖ్ ప్రవేశించినది. ఇందులో చమత్కారమేమనగా, గూగుల్ సంస్థ అందరికీ ఉచితంగా వెలువరించిన ‘నోటో నస్తాలీఖ్ ఉర్దూ’ అను అక్షరరూపమే ప్రత్యర్థియైన ఆపిల్ ఫోన్లలోను చోటుచేసుకొన్నది. వీధిలో మనం వారి పక్షాన కలహించుచుండగా, వారు ఒకరి అక్షరాలను మరొకరు వాడుకొనుచున్నారు!

తెలుగుకు జరిగిన ఉదంతం ఇంకను విచిత్రం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను మన సంయుక్తాక్షరం ఒక ప్రత్యేక సంకేత క్రమంలో సందేశంగా వచ్చినచో ఐఫోన్‌లోని సందేశాల విభాగం కుప్పకూలెడిది. ‘జ్ఞానం’ అను మాటకు మొదటి అక్షరమే అంత ఖరీదైన యంత్రాన్ని స్తంభింపజేసినదన్నమాట. లోపం అక్షరానిది కాదు; అక్షరాలను పేర్చి చూపు విధానానిది. అదే నెల 19వ తేదీన విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆ లోపం తొలగినది. ఈ కథలో రెండు నీతులున్నవి. ధర ఎక్కువైనంత మాత్రాన మన భాషకు తగిన పరీక్ష జరిగినదని నమ్మరాదు. లోపం బయటపడిన వెంటనే సరిదిద్దు సంస్థయొక్క అప్‌డేట్లు ఎంత విలువైనవో మరువరాదు. కావున అంగడిలో ఫోను చేతికి తీసుకొనినప్పుడు ఒక తెలుగు వాక్యం, ఒక ఉర్దూ వాక్యం టైపు చేసి చూడుడు. ఇంట అమ్మగారు తెలుగు, నానీమా ఉర్దూ మాత్రమే చదువగలవారైనచో మెనూలను ఆ భాషలోనికి మార్చి చూడుడు.

సెకండ్‌హాండ్ ఐఫోన్ కొనదలచినవారికి కొన్ని హెచ్చరికలు. *#06# నొక్కినచో ఫోను యొక్క 15 అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్య కనబడును. కేవైఎం అను మూడు ఆంగ్లాక్షరాల తరువాత ఖాళీ విడిచి ఆ సంఖ్యను వ్రాసి 14422కు సందేశం పంపినచో దాని వివరాలు తెలియును. దొంగ సరుకు బారినుండి తప్పించుకొనవచ్చును. సెట్టింగులలో బ్యాటరీ మిగిలిన శక్తి శాతం చూడుడు. అమ్మువాని ఖాతా అందులోనుండి పూర్తిగా తొలగినదో లేదో నిర్ధారించుకొనుడు. ఐఫోన్ 11కు 5జీ సౌకర్యం లేదు. 2020లో వచ్చిన ఐఫోన్ 12తోనే అది మొదలైనది. గల్ఫ్ దేశాలలోని బంధువులు తెచ్చు ఫోన్ల విషయమైన మరొక మాట: సౌదీ, కువైట్, ఖతార్, ఎమిరేట్స్ మున్నగు దేశాలలో అమ్ము ఐఫోన్ 17 నమూనాలలో సిమ్ పెట్టు స్థానమే లేదు, అవి ఇ-సిమ్‌తోనే పనిచేయును.

చివరగా రైతు లెక్క వేయుదము. ఇవి ఉదాహరణకు తీసుకొనిన అంకెలు. కొత్త ఆండ్రాయిడ్ 15,000, నడుమ బ్యాటరీ మార్పునకు 1,500, నాలుగేళ్లు వాడితిమనుకొందము. ఏడాదికి 4,125 రూపాయలు పడును. సెకండ్‌హాండ్ ఐఫోన్ 11కు 16,000, బ్యాటరీకి 5,000, మిగిలిన ఆయువు రెండేళ్లనుకొనినచో ఏడాదికి 10,500 పడును. 2025లో 59,900కు విడుదలైన కొత్త ఐఫోన్ 16ఇ ఏడేళ్లు నిలిచినను, మరమ్మతులు కలుపకయే ఏడాదికి సుమారు 8,560 పడును. పాత ఐఫోన్ చౌక అను భ్రమ ఈ లెక్కతో తొలగును. మూడింటిలో ఏటేటా అధికంగా పీల్చునది అదియే.

అందుచే నా అభిప్రాయం ఇది. వీడియో చిత్రీకరణ వంటి పనితో జీవనోపాధి పొందదలచి, అప్పు చేయకుండ కొనగలిగినవారికి కొత్త ఐఫోన్ తగును. మిగిలిన మనబోటి విద్యార్థులకు దీర్ఘకాలపు అప్‌డేట్ల హామీ గల మధ్యతరగతి ఆండ్రాయిడ్ చాలును. చేతిలోని ఫోను పనిచేయుచున్నంతకాలం ఏదియు కొనకుండుట అన్నిటికంటె ఉత్తమం.

విద్యార్థీ మిత్రులారా! 2020లో కళాశాలలు మూతపడినప్పుడు ఇంటింటా ఒకే ఫోను, ఇద్దరు ముగ్గురు పిల్లలు. పాఠం వినవలసిన గంట వచ్చినప్పుడు ఫోను ఎవరి చేతికి పోవలెను అను తగవు రాని ఇల్లు అరుదు. ఆ తగవులో తరచు వెనుకకు తగ్గినది చెల్లెలే. అరవై వేలతో అన్నగారి ఐఫోన్ ఒకటి వచ్చును. అదే సొమ్ములో సగంతో అన్నకొకటి, చెల్లెలికొకటి మంచి ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చును. మిగిలిన సగం ఆమె పైచదువుకు ఫీజగును. ఏ ఫోను కొనవలెనని తండ్రిగారిని అడుగుటకు ముందు ఈ లెక్కను ఒకసారి ఆయన ముందుంచుడు.