నేలబొగ్గుపై ఆమ్లాల చర్య

నేలబొగ్గును (వాడుకలో రాక్షసి బొగ్గు) ఆమ్లాలతో కడిగి అందులోని ఖనిజాంశాన్ని తొలగించే ప్రక్రియను ఆమ్లశుద్ధి అంటారు. ఈ ప్రక్రియలో బొగ్గు రసాయన నిర్మాణం మారుతుందా, మారదా అన్నది వాడిన ఆమ్లాన్ని బట్టి ఉంటుంది. ఆమ్లం అనగానే అన్నిటినీ కరిగించివేస్తుందని విద్యార్థులు భావిస్తారు గాని, బొగ్గు విషయంలో అది సరి కాదు.

నేపథ్యం

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో సున్నపురాయి సమృద్ధిగా ఉన్నది, బొగ్గు లేదు. అయినను పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, మాచర్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారాలకు బొగ్గుతో విడదీయరాని సంబంధం ఉన్నది. బట్టీలో బొగ్గును, రాతిని కలిపి కాల్చినపుడు బొగ్గులోని బూడిద సున్నంలోనే మిగిలిపోతుంది. అందులోని సిలికా వేడికి సున్నంతో కలిసి కాల్షియం సిలికేట్లుగా మారుతుంది కనుక ఆ మేరకు సున్నం నాణ్యత తగ్గుతుంది. సిమెంటు కొలిమిలో ఇదే బూడిద క్లింకరులో కలిసిపోయి ముడిసరుకుగా లెక్కకు వస్తుంది. ఒకచోట దోషమైనది మరొకచోట దినుసు అన్నమాట.

తెలుగువారికి దగ్గరలోని బొగ్గు గోదావరి లోయలోనిది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో దీనిని గుర్తించాడు. ఇది గోండ్వానా కాలపు బొగ్గు. ఆనాటి వృక్షావశేషాలతో పాటు నీటిలో కొట్టుకువచ్చిన ఒండ్రు కూడా పేరుకొనుట వలన, బంకమన్ను, ఇసుక అతి సన్నని రేణువులుగా బొగ్గు అంతటా వ్యాపించి ఉంటాయి. అందుచేత నీటితో కడిగినంత మాత్రాన అవి పూర్తిగా వదలవు.

బొగ్గులో ఏమున్నది

బొగ్గును రెండు భాగాలుగా ఊహించుకోవాలి. ఒకటి కర్బన పదార్థం: బెంజీను వంటి ఆరోమాటిక్ వలయాల గుంపులు, వాటిని కలుపుతూ మిథిలీన్, ఈథర్ వంతెనలు, అంచులలో ఫినాల్, కార్బాక్సిల్ సమూహాలు. రెండవది ఖనిజాంశం: కేయొలినైట్ వంటి బంకమన్నులు, క్వార్ట్జ్, కాల్సైట్, సిడరైట్, పైరైట్ మొదలగునవి. ఖనిజాంశము, బూడిద ఒకటి కావు. కాల్చినపుడు బంకమన్ను నీటిని, కాల్సైట్ బొగ్గుపులుసు వాయువును కోల్పోతాయి కనుక బూడిద తూకం తక్కువగా ఉంటుంది. గంధకం బహుస్వల్పంగా ఉన్న బొగ్గులో ఖనిజాంశం బూడిదకు సుమారు 1.08 రెట్లు ఉంటుందని పార్ సూత్రం చెబుతుంది.

నిర్మాణాన్ని పెద్దగా మార్చని ఆమ్లాలు

పల్నాటి నాపరాయి మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. బొగ్గులోని కాల్సైట్ విషయంలో జరిగేదీ అదే చర్య. దీనితో పాటు, తక్కువ ముదిరిన బొగ్గులో కార్బాక్సిల్ సమూహాలను పట్టుకొని ఉన్న కాల్షియం, మెగ్నీషియం అయానులను తొలగించి, వాటి స్థానంలో హైడ్రోజన్ చేరుతుంది. వలయాల అస్థిపంజరం మాత్రం చెక్కుచెదరదు.

బంకమన్ను, క్వార్ట్జ్ ఈ ఆమ్లానికి లొంగవు. సిలికాను కరిగించగలది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అయితే బొగ్గులో కాల్షియం మిగిలి ఉంటే కరగని కాల్షియం ఫ్లోరైడు ఏర్పడి రంధ్రాలలో ఇరుక్కుంటుంది. కనుక మొదట హైడ్రోక్లోరిక్, తరువాత హైడ్రోఫ్లోరిక్, చివర మరల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడటం ఆనవాయితీ. ఖనిజాంశాన్ని కొలిచే ఐ.ఎస్.ఓ. 602 ప్రమాణం కూడా ఈ వరుసపైనే ఆధారపడినది. పైరైట్ మాత్రం వీటికి కరగదు. దానిని విడిగా లెక్కించి సవరించుకోవాలి.

నిర్మాణాన్ని మార్చే ఆమ్లాలు

నత్రికామ్లం పైరైటును కరిగిస్తుంది. పైరైట్ గంధకాన్ని కొలవడానికి దీనినే వాడతారు. కాని ఇది ఆక్సీకరణి కూడా. గాఢంగా గాని, వేడిగా గాని వాడితే మిథిలీన్ వంతెనలను ఛేదించి కార్బాక్సిల్ సమూహాలను ఏర్పరుస్తుంది. వలయాలకు నైట్రో సమూహాలను తగిలిస్తుంది. బొగ్గులో ఆక్సిజన్, నత్రజని పెరుగుతాయి. క్షారంలో కరిగే హ్యూమిక్ ఆమ్లాలు పుడతాయి. మిగిలినది శుద్ధి అయిన బొగ్గు అనడం కన్న బొగ్గు నుండి పుట్టిన వేరొక పదార్థం అనడమే న్యాయం.

గాఢ గంధకికామ్లం వలయాలకు సల్ఫోనిక్ సమూహాలను చేరుస్తుంది. ఇట్టి బొగ్గు నీటిలోని కాల్షియంను పట్టుకోగలదు. 1930లలో 'జియో-కార్బ్' పేరుతో నీటి కాఠిన్యం తొలగించడానికి వాడినది ఇదే. సున్నపురాతి నేలలలో నివసించేవారికి నీటి కాఠిన్యం గురించి వేరే చెప్పనవసరం లేదు. తరువాత కృత్రిమ రెసిన్లు దీని స్థానాన్ని ఆక్రమించినవి.

మార్పును గుర్తించే విధానం

పరారుణ వర్ణపటంలో సెంటీమీటరుకు 3,620 – 3,700 మధ్య, మరల 1,030 వద్ద కనిపించే కేయొలినైట్ గుర్తులు హైడ్రోఫ్లోరిక్ శుద్ధి తరువాత మాయమవుతాయి. నత్రికామ్లం వాడితే 1,530, 1,340 ప్రాంతాలలో నైట్రో గుర్తులు, 1,710 దగ్గర కార్బాక్సిల్ గుర్తు బలపడతాయి. ఎక్స్-కిరణ పరీక్షలో క్వార్ట్జ్ యొక్క పదునైన శిఖరం తొలగిన తరువాతే బొగ్గు వలయ పొరల విశాలమైన శిఖరం స్పష్టమవుతుంది. శిఖరం స్పష్టమైనంత మాత్రాన పొరల అమరిక మెరుగుపడినదని తీర్మానించరాదు, అడ్డుతెర తొలగినదంతే.

ఖనిజాంశం పోయిన చోట రంధ్రాలు తెరుచుకొంటాయి. అయినప్పటికీ బొగ్గు వాయువుగా మారే వేగం కొన్నిసార్లు తగ్గుతుంది. కాల్షియం, సోడియం, ఇనుము ఆ చర్యకు ఉత్ప్రేరకాలు కావడమే కారణం.

పరిమితులు

పరిశ్రమలలో ఆమ్లశుద్ధి విస్తరించలేదు. ఖర్చు ఒక కారణం, వ్యర్థ ఆమ్లం మరొకటి. పైగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అత్యంత ప్రమాదకరం. పలచటి ద్రావణం చర్మంపై పడినా మొదట నొప్పి తెలియకపోవచ్చు. లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియంను బంధించి గుండెను దెబ్బతీయగలదు. ఇది గాజును తినివేస్తుంది కనుక ప్లాస్టిక్ పాత్రలే వాడాలి. వెంటనే నీటితో కడిగి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయడం ప్రథమ చికిత్స. ఆలస్యం చేయక వైద్యుని వద్దకు చేర్చాలి. కళాశాల ప్రయోగశాలలలో ఈ ఆమ్లంతో ప్రయోగానికి పూనుకొనరాదు.

వాడిన ఆమ్లంలోని ఫ్లోరైడును సాధారణంగా సున్నపు నీటితో కాల్షియం ఫ్లోరైడుగా అవక్షేపింపజేస్తారు. శుద్ధి మధ్యలో రంధ్రాలలో ఇరుక్కుని ఇబ్బంది పెట్టే పదార్థమే ఇక్కడ, కరగని గుణం వలననే, పనికి వస్తుంది.