మరణించిన రోగిని వార్డు నుండి తరలించేటప్పుడు

డాక్టరు మరణాన్ని నిర్ధారించి వెళ్లాక కొద్దిసేపటికి వార్డుబాయిలు స్ట్రెచరుతో వస్తారు. ఆ తరువాత జరిగే పనులు చూసి చాలామంది బంధువులు బాధపడతారు, కొందరికి కోపం కూడా వస్తుంది. "ఒళ్లింకా చల్లబడనే లేదు, అప్పుడే గడ్డం కడుతున్నారేమిటి?" అని అడిగేవారున్నారు. అడగడంలో తప్పులేదు. ఈ పనికి వార్డుబాయిలకు ఎలాంటి శిక్షణ ఇవ్వాలో తెలిస్తే ఏది అవసరమైన పనో, ఏది నిర్లక్ష్యమో మీరే గుర్తించగలరు.

గడ్డం కట్టడంలో తొందరకు కారణం ఉంది. మరణించిన 2, 3 గంటల నుండి శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది. ముందుగా దవడ, మెడ బిగుస్తాయి. అందుకే అంతకు ముందే కళ్లు మూసి, దవడ కట్టి, కాళ్లూ చేతులూ సర్దుతారు. తల కింద దిండు పెట్టేది ముఖంలోకి రక్తం చేరి నల్లబడకుండా ఉండటానికి. నేత్రదానం చేయదలచుకుంటే ఆ సంగతి అప్పుడే నర్సుకు చెప్పండి, 6 గంటలలోపు కళ్లు సేకరించాలి.

చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తకూడదన్నది శిక్షణలో మొదటి పాఠం. ప్రాణం లేని దేహంలో పట్టు ఉండదు. తల వెనక్కి వాలిపోతుంది, చెయ్యి జారి మంచం కమ్మీకి తగులుతుంది, ఎత్తేవారి నడుమూ పట్టేస్తుంది. కాబట్టి దేహాన్ని పక్కకు తిప్పి, కిందికి దుప్పటి చొప్పించి, నలుగురు కలిసి ఒకే మాట మీద స్ట్రెచరు మీదికి జరపాలి. వారిలో ఒకరి పని తలను పట్టుకోవడమే.

అలా తిప్పినప్పుడు ఒక్కోసారి గొంతులో నుండి మూలుగు వంటి శబ్దం వస్తుంది. "బతికే ఉన్నాడు!" అని ఇంటివారు కేకలు వేస్తారు. ఊపిరితిత్తులలో మిగిలిన గాలి బయటికి వచ్చేటప్పుడు అయ్యే శబ్దమది. అయినా వార్డుబాయి విసుక్కోకూడదు. అక్కడే ఆగి, డాక్టరును పిలిపించి, మీ ఎదుటే మళ్లీ పరీక్ష చేయించాలి.

మణికట్టుకు ఒకటి, కాలికి ఒకటి పేరూ ఆసుపత్రి నంబరూ రాసిన చీటీలు కడతారు. మన వైపు ఒకే రోజు మార్చురీలో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండటం వింతేమీ కాదు. ఎంత దుఃఖంలో ఉన్నా, ముఖం చూడకుండా సంతకం పెట్టకండి. మెట్టెలు, ఉంగరాలు తీయాలంటే మీ సమక్షంలోనే తీసి, రాసి ఇవ్వాలి.

రోడ్డు ప్రమాదం, విషం, కాలిన గాయాల కేసుల్లో పంచనామా, పోస్టుమార్టం అయ్యేవరకు గొట్టాలు, సూదులు తీయరు. అవి అలాగే ఉన్నాయని వార్డుబాయిని కోప్పడవద్దు. ఛాతీలో పేస్‌మేకర్ ఉంటే మాత్రం నర్సుకు తప్పక చెప్పండి. దహనంలో అది పేలుతుంది, ముందే తీసివేయాలి.

చేతికి గ్లవుజులు వేసుకోవడం అవమానం కాదు, రక్తం, స్రావాల నుండి రక్షణ. కానీ అంటువ్యాధి పేరు చెప్పి కడసారి చూపే లేకుండా చేయడం సరికాదు. కోవిడ్ సమయంలో, 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచనల్లో కూడా జాగ్రత్తలు తీసుకుని సంచి జిప్పు తెరిచి ముఖం చూపవచ్చనే ఉంది.

మిగిలినది మాట తీరు. "బాడీ ఎక్కడికి?" అని కాక, "లక్ష్మమ్మగారిని తీసుకెళ్తున్నామమ్మా" అనాలి. దారిలో సెల్‌ఫోను, నవ్వులు ఉండకూడదు. కాసేపు ప్రార్థన చేసుకోవాలన్నా, తల ఫలానా దిక్కుకే ఉండాలన్నా, ఆడమనిషి దేహాన్ని ఆయాలే తాకాలన్నా మొహమాటపడకుండా ముందే చెప్పండి. ఈ పనికి ఎవరికీ చేతిలో డబ్బు పెట్టనక్కరలేదు. ఎవరైనా అడిగితే వార్డు సిస్టరుకు తెలియజేయండి.