యత్నసాఫల్యములను దెలుపు ఆంగ్లపదములు - అర్థపరిణామము

మానవుడు కార్యసిద్ధికై చేయు యత్నమును, ఆ యత్నమునకు మూలమైన కోరికను, తుదకు లభించు ఫలమును దెలుపు పదములు ప్రతిభాషయందును కలవు. ఆంగ్లమున నిట్టివి లెక్కకు మిక్కిలి. వీనికి మన విద్యార్థు లొక్కొక్క తెలుగుమాటను గుర్తుంచుకొని తృప్తి చెందుచుందురు. ‘ఆంబిషన్’ అనగా ఆశయము, ‘సక్సెస్’ అనగా విజయము, ‘ఎన్‌థూజియాజమ్’ అనగా ఉత్సాహము. కాని వీనిలో పెక్కింటికి నేటి యర్థము మొదటి యర్థము కాదు. నేడు ప్రశంసగా వాడబడుచున్న వానిలో కొన్ని యొకప్పుడు నిందావాచకములు. కొన్ని నిర్బంధమును, కొన్ని అసాధ్యతను దెలిపినవి. భాషాశాస్త్రజ్ఞులు అర్థసౌమ్యత యని పేర్కొను పరిణామమున కివి చక్కని యుదాహరణములు. ఈ క్రమము నెరుగక వెనుకటి ఆంగ్లగ్రంథములను బోధించుటయు, తెనిగించుటయు దోషమునకు దారితీయునని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ‘ఆంబిషన్’ పదమును పరిశీలింతము. దీనికి మూలము లాటిన్ భాషలోని ‘అంబీరె’ అను ధాతువు. చుట్టు తిరుగుట యని దాని యర్థము. ప్రాచీన రోమునగరమున పదవుల నాశించువారు సుద్దతో తెల్లబరచిన ఉత్తరీయమును ధరించి, పౌరులను కలిసికొని, తమ కనుకూలముగా అభిప్రాయము నీయుడని వేడుచు తిరిగెడివారు. ఆ తిరుగుటకే ‘అంబిషియో’ యని పేరు. ఆ తెల్లని వస్త్రమును బట్టియే ‘కాండిడేట్’ అను పదము పుట్టినది. లంచములతో పదవిని సంపాదింప జూచుట ‘అంబిటుస్’ అను నేరము. దానిని అణచుటకు క్రీ.పూ. 67లో కల్పూర్నియా శాసనమును, క్రీ.పూ. 63లో సిసెరో కాన్సల్‌గా నున్నప్పుడు టుల్లియా శాసనమును వెలువడినవి. ఆంగ్లమునకు ఈ పదము 14వ శతాబ్దిలో ఫ్రెంచి ద్వారా వచ్చినపుడు పదవీలాలస, పేరాశ యను దోషార్థమునే వెంట గొనివచ్చినది.

షేక్స్‌పియర్ రచించిన ‘జూలియస్ సీజర్’ నాటకము 1599లో ప్రదర్శింపబడినది. అందు బ్రూటస్ తాను సీజరును వధించుటకు చూపిన ముఖ్యకారణము సీజరునందలి ‘ఆంబిషన్’. ఆంటొనీ ప్రసంగమంతయు ఆ నిందను ఖండించుటకే సాగినది. ఇచ్చట ఆశయ మని యర్థము చెప్పినచో, ఆశయము గలవానిని చంపుటేల యని విద్యార్థి విస్తుపోవును. బ్రూటస్ వాదమును, ఆంటొనీ ప్రతివాదమును కూడ నిరర్థకము లగును. రాజ్యకాంక్ష యనియో, అధికారదాహ మనియో చెప్పినగాని ఆ ఘట్టము బోధపడదు.

‘సక్సెస్’ పదము నిందను గాని, ప్రశంసను గాని తెలుపక బయలుదేరినది. దాని లాటిన్ మూలమునకు వెంట వచ్చుట, తరువాత వచ్చుట యని యర్థము. ఒకరి యనంతరము అధికారమునకు వచ్చువానిని ‘సక్సెసర్’ అనుటలో ఈ మూలార్థ మిప్పటికిని నిలిచియున్నది. 16వ శతాబ్దిలో ‘సక్సెస్’ అనగా కార్యము వెంట వచ్చు ఫలితము. అది మంచిదైనను కావచ్చును, చెడ్డదైనను కావచ్చును. కావుననే 1611లో వెలువడిన జేమ్స్ రాజు కాలపు బైబిలు అనువాదమున, యెహోషువ గ్రంథము ప్రథమాధ్యాయమందు, ఈ పదమునకు ‘మంచి’ యను విశేషణము చేర్పవలసి వచ్చినది. ఆ విశేషణము నేటి పాఠకునకు పునరుక్తిగా తోచును, ఆనాడది యావశ్యకము. తెలుగున దీనికి సరియైన మాట విజయము గాక ఫలము. సత్ఫలము, దుష్ఫలము అని మనము వేరుచేసి చెప్పుట యిట్టిదే.

‘స్ట్రైవ్’ అను క్రియ ప్రాచీన ఫ్రెంచినుండి వచ్చినది. దాని తొలి యర్థము కలహించుట. తగవు అను నర్థముగల ‘స్ట్రైఫ్’ దానికి తోబుట్టువు. పరులతోడి పోరు క్రమముగా కష్టములతోడి పోరైనది. ‘కెరీర్’ మొదట రథములును, గుఱ్ఱములును పరుగిడు బాట. పిమ్మట ఆ పరుగు. 19వ శతాబ్ది ప్రారంభమునుండి జీవితవృత్తి.

ప్రోత్సాహమును దెలుపు మాటలలో మరియొక విశేషము గలదు. ‘స్టిములస్’ అనగా లాటిన్‌లో పశువులను పొడిచి తోలు ములుకోల. ‘స్పర్’ అనగా రౌతు మడమకు గట్టుకొని గుఱ్ఱమును పొడుచు ముల్లు. ‘ఇన్సెంటివ్’ మాత్రము పాడుటను దెలుపు ధాతువునుండి పుట్టినది. పాటకు శ్రుతి నందిచ్చునది యని దాని భావము. ‘ఎన్‌థూజియాజమ్’ గ్రీకు పదము. లోపల దేవుడు ఆవేశించియుండుట యని యర్థము. 17, 18 శతాబ్దులలో ఇంగ్లండున ఈ పదము మతావేశపరులను నిందించుటకు వాడబడినది. జాన్ వెస్లీ అనుచరులపై మోపబడిన అపవాదము లలో ఇది యొకటి. మన ఉత్సాహ మట్టిది కాదు. భరతుని నాట్యశాస్త్రమున అది వీరరసమునకు స్థాయిభావము. ఆ కాలపు ఆంగ్లరచనయందలి ‘ఎన్‌థూజియాజమ్’ను ఉత్సాహ మని తెనిగించినచో, రచయిత నిందించినదానిని అనువాదకుడు పొగడినట్లగును.

నుడికారములందును ఇదియే తీరు. బూట్ల పట్టీలను పట్టుకొని తన్ను తానే పైకి లేపుకొనుట యను నుడి 19వ శతాబ్దిలో అమెరికాయందు అసంభవకార్యమును పరిహసించుటకు పుట్టినది. 20వ శతాబ్దిలో అదియే పరసహాయము లేక స్వశక్తితో వృద్ధిచెందుటకు ప్రశంస యైనది. కంప్యూటరును ‘బూట్’ చేయుట యను నేటి వ్యవహారము దీనినుండి వచ్చినదే. అదనపు మైలు నడచుట యను నుడి మత్తయి సువార్త పంచమాధ్యాయమునుండి పుట్టినది. రోమను ప్రభుత్వపు సైనికులు ప్రజలను వెట్టికి పట్టి బరువులు మోయించెడివారు. ఒక మైలు రమ్మని బలవంతపెట్టిన వానితో రెండు మైళ్లు పొమ్మని అచ్చటి బోధ. ఆ వెట్టి మరుగుపడి, నేడు విధికి మించి శ్రమించుటయే దాని యర్థమైనది. ‘మెరిటోక్రసీ’ని మైకేల్ యంగ్ 1958లో ప్రకటించిన వ్యంగ్యగ్రంథము ప్రచారములోనికి దెచ్చినది. ప్రతిభ పేరున నేర్పడు క్రొత్త దొరతనమును హెచ్చరించుటకు వాడిన మాట ఆదర్శవాచక మగుట చూచి, ఆయన 2001లో పత్రికాముఖమున నిరసన తెలిపెను.

ఈ మార్పులకు కారణ మేమి? పుట్టుక చేతనే స్థానము నిర్ణయింపబడు సమాజమున తన స్థానమును దాటగోరుట దోషము. వాణిజ్యమును, యంత్రపరిశ్రమయు పెరిగిన సమాజమున అదియే గుణము. 1859లో సామ్యూల్ స్మైల్స్ ప్రకటించిన ‘సెల్ఫ్ హెల్ప్’ గ్రంథమున కబ్బిన విశేషాదరణ ఈ దృష్టిభేదమునకు నిదర్శనము. సమాజము మెచ్చినదానిని పదమును మెచ్చును.

ఇట్టి పరిశీలన తెలుగు అధ్యాపకులకు క్రొత్త కాదు. తిక్కన ఉద్యోగపర్వమును బోధించునపుడు, ‘ఉద్యోగము’ నేటి కొలువు గాక కార్యసన్నాహ మని మొదటనే చెప్పుచున్నారము. ‘కృషి’ యనగా దున్నుట యనియు, తరువాత సర్వప్రయత్నములకు పేరైన దనియు వివరించుచున్నారము. కంకణము కట్టుకొనుట వ్రతదీక్షనుండి లోకవ్యవహారమునకు దిగిన తీరును చెప్పుచున్నారము. మన కావ్యములయెడ చూపు ఈ జాగరూకతనే పరభాషాగ్రంథములయెడను చూపవలసియున్నది. అనువాదకుడు మూలపదమున కర్థము వెదకుటకు ముందు, మూలగ్రంథము ఏ శతాబ్దిదో విచారింపవలయును. ఆంగ్ల తెలుగు నిఘంటువులందు ఇట్టి పదములకు కాలక్రమముగా అర్థములను విడదీసి చూపుట పరిశోధకవిద్యార్థులు చేపట్టదగిన పని. పై పదములతోనే దాని నారంభింప వచ్చును.