గాజునారతో కారు పైకప్పు

దేవరుప్పుల ఉన్న జనగామ జిల్లాలోనే పెంబర్తి గ్రామము గలదు. కొయ్యతో చేసిన దేవాలయ వాహనములకు ఇత్తడి రేకు తొడుగుటలో అచటి శిల్పులు పేరెన్నిక గన్నవారు. ఆ పనిలో రేకు కొయ్య రూపమునే అనుసరించును. క్రింద వంకర ఉన్నచో పైనను వంకర తప్పదు. కారునకు గాజునారతో, అనగా ఫైబర్‌గ్లాసుతో, గట్టి పైకప్పు చేయగోరువారు మొట్టమొదట గ్రహింపవలసినదియు ఇదియే.

కొన్ని కార్లు విడిభాగములుగా అమ్ముడగును. కొన్నవారు వానిని ఇంటివద్ద కూర్చుకొందురు. ఇంగ్లండులో 1957లో వెలువడిన లోటస్ సెవెన్ అట్టిది. విడిభాగములుగా కొన్నచో ఆనాడు కొనుగోలు పన్ను తప్పెడిది. ఇట్టి కార్లలో పెక్కింటికి గుడ్డకప్పు మాత్రమే ఉండును. ఎవరి కూర్పు వారిదగుటచే ఒకదాని గట్టికప్పు మరొకదానికి సరిగా అమరదు. యజమానియే చేసికొనవలసి వచ్చును.

రేకును వంపులు తిప్పుటకు ఆరితేరిన చేయి కావలెను. గాజునార గుడ్డవలె వంగును. రెజిన్ అను జిగురు ద్రవముతో తడిసి గట్టిపడిన పిమ్మట ఆ వంపును వదలదు, తుప్పు పట్టదు. 1953లో అమెరికాలో వెలువడిన షెవర్లే కార్వెట్‌కును, 1980లలో బెంగుళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్‌కును పైదేహము దీనితో చేసినదే.

మొదట కారును సమతలముపై నిలిపి, దానిమీదనే కొయ్యతోను లప్పముతోను కప్పు నమూనా కట్టవలెను. తలుపులు తెరచుటకు, తల తగులకుండుటకు కావలసిన ఎడము ఇచటనే చూచుకొనవలెను. నునుపుచేసిన నమూనాకు పలుమారులు మైనము పూసి, దానిపై గాజునారతో అచ్చు తీయుదురు. ఆ అచ్చులోపల మరల మైనము పూసి, మొదట జెల్‌కోటు అను పైపూతను, తరువాత నారచాపలను రెజిన్‌తో తడుపుచు పరచుదురు. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగు చాప రమారమి 1 మిల్లీమీటరు మందమిచ్చును. మూడు నాలుగు పొరలు చాలును. బలము నారలో నున్నది. చాప బరువునకు రెండున్నర ఇంతలు మించి రెజిన్ పోసినచో కప్పు బరువెక్కి పెళుసగును. గాలిబుడగలు లేకుండ రోలరుతో అదుమవలెను. కప్పు ఊగకుండ లోపలివైపు పట్టెలు కట్టవలెను. రెజిన్ గట్టిపడుచు కొంత ముడుచుకొనును గనుక తొందరపడి అచ్చునుండి తీసినచో ఆకారము చెడును.

రెజిన్‌ను గట్టిపరచు ద్రవము నూటికి 1 నుండి 2 పాళ్లు చాలును. దీనిని కోబాల్టు వేగకారితో నేరుగా కలిపినచో ప్రేలిపోవచ్చును. కంటబడినచో చూపు పోవచ్చును. రెజిన్ ఆవిరి నిప్పంటుకొనును. కావున గాలి వీచుచోట, పొయ్యికిని పిల్లలకును దూరముగా, కంటి కద్దములు, చేతితొడుగులు ధరించి పనిచేయవలెను. అంచులు కోయునప్పుడు లేచు ధూళి ఊపిరిలో చేరకుండ ముక్కునకు తగిన మాస్కు ఉండవలెను.

ఇంకొక మాట. ఈ కప్పు వాన నాపును గాని, కారు బోల్తాపడినచో తలను కాపాడజాలదు. అందులకు ఉక్కు చట్రము వేరుగా కావలెను. రిజిస్ట్రేషనైన వాహనమును మార్చుటకు 1988 మోటారు వాహనముల చట్టము, 52వ విభాగము హద్దులు విధించినది. కావున ముందుగా రవాణా శాఖవారి నడుగుట మంచిది. ఆపై నమూనాకు ఎన్ని దినములు పట్టినను వెచ్చింపవలెను. అచట విడిచిన వంకరను తరువాత ఏ పూతయు దాచలేదు.