మా అమ్మ జబ్బు మనవడికి వస్తే తప్పు ఎవరిది?

పోయిన ఎపిసోడ్‌లో మా కొడుకు సంగతి చెప్తుంటే గొంతు పట్టుకుపోయి సగంలో ఆపేశాను. ఆ తర్వాత దమ్మాం నుంచి, జుబైల్ నుంచి, కువైట్ నుంచి కూడా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది మన నుంచే పిల్లలకు పోయిందా? మన రక్తంలోనే ఉందా?" మైకు ముందు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్న.

నేను డాక్టర్‌ను కాను. ఐటీఐ చేసి రియాద్ వచ్చినోణ్ణి. పదిహేడేళ్లుగా ఇక్కడే, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. మా వాడికి చూసే డాక్టర్‌ను ఫోన్‌లో విసిగించి తెలుసుకున్నది, రాత్రుళ్లు క్యాంపులో కూర్చుని చదువుకున్నది చెప్తా.

ముందు మా ఇంటి కథ. నా చిన్నప్పుడు మా అమ్మకు రెండు మూడేళ్లకోసారి ఏదో అయ్యేది. వారం రోజులు నిద్రపోయేది కాదు, పాడేది, ఉన్న డబ్బులన్నీ పంచిపెట్టేది. తర్వాత నెలల తరబడి మంచం దిగేది కాదు. ఊళ్లో బాణామతి అన్నారు, గాలి సోకింది అన్నారు. తాయెత్తులు కట్టించారు, దర్గాకు తీసుకుపోయారు. చివరికి మా మేనమామ హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకుపోతే గోళీలు ఇచ్చారు, అప్పుడప్పుడు రక్తం తీసి చూసేవారు. ఆ గోళీలతో అమ్మ చాలా ఏళ్లు బాగానే ఉంది. కానీ "ఎర్రగడ్డ" అనే మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. నాకు పిల్లను చూసినప్పుడు కూడా ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

మా కొడుక్కి పంతొమ్మిదేళ్లప్పుడు, డిగ్రీ రెండో ఏడులో మొదలైంది. ఇక్కడ రాత్రి పన్నెండు అంటే మనకాడ రెండున్నర. ఆ టైముకు ఫోన్ చేసినా మొదటి రింగుకే ఎత్తేవాడు. హుషారుగా మాట్లాడేవాడు, కంపెనీ పెడతా, నిన్ను వాపస్ తీసుకొస్తా డాడీ అనేవాడు. నాకు సంతోషమే అనిపించింది. ఫీజుకు పంపిన పైసలతో రెండు ఫోన్లు కొన్నాడని తెలిసి తిట్టిన కూడా. ఎక్కడో లోపల మా అమ్మ గుర్తొచ్చింది. ఆ ఆలోచనను అక్కడే నొక్కేశాను. తర్వాత వాడు మంచం పట్టాడు. ప్రేమ గొడవ అన్నారు, దిష్టి అన్నారు. డాక్టర్ దగ్గరికి పోయేసరికి పదకొండు నెలలు గడిచాయి. బైపోలార్ అన్నారు. మనసు కొన్నాళ్లు ఆకాశంలో, కొన్నాళ్లు పాతాళంలో ఉండే జబ్బు.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి: "మీ ఇళ్లల్లో ఎవరికైనా ఇట్లాంటిది ఉండెనా?" మా ఆవిడ "లేదు సార్" అంది. ఆమెకు తెలిసింది అంతే. నేను ఇక్కడ వీడియో కాల్‌లో ఉండి నోరు తెరవలేదు.

ఇప్పుడు ఆ ప్రశ్నకు వద్దాం. మన నుంచే పోయిందా? కొంత నిజమే. బైపోలార్ గానీ స్కిజోఫ్రీనియా గానీ కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. మామూలు జనంలో నూటికి ఒకరికి అటూ ఇటూగా వస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం. నేను మొదట చదివినప్పుడు "పది రెట్లా!" అని గుండె జారింది. అదే లెక్కను ఇటు నుంచి చూస్తే, అలాంటి తల్లిదండ్రుల పిల్లల్లో నూటికి తొంభై మందికి ఆ జబ్బు రాదు. అవ్వ నుంచి మనవడికి అయితే అవకాశం ఇంకా తక్కువ. రెండు లెక్కలూ నిజమే. కానీ తప్పు చేశామన్న బాధలో ఉన్నోడికి మొదటిదే వినిపిస్తది.

ఇంటర్నెట్‌లో "బైపోలార్ 60 నుంచి 80 శాతం వంశపారంపర్యం" అని కూడా కనిపిస్తది. అది చూసి మా పిల్లలకు 80 శాతం వస్తుందేమో అని ఒక తమ్ముడు భయపడ్డాడు. అర్థం అది కాదు. జనంలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి ఉన్న తేడాలో వారసత్వం వాటా ఎంత అనే లెక్క అది. మీ బిడ్డకు వచ్చే అవకాశం లెక్క కాదు. కవలల సంగతి చూడండి. అచ్చం ఒకే జన్యువులు ఉన్న కవలల్లో ఒకరికి బైపోలార్ వచ్చినా, రెండోవాళ్లకు రాకుండా ఉండేవాళ్లు చాలా మందే ఉన్నారు. రక్తమే అంతా అయితే అట్లా ఎట్లా అవుతది?

ఇక్కడ సౌదీలో పెళ్లికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి, 2004 నుంచి. సికిల్ సెల్, తలసీమియా చూస్తారు. మా సైట్‌లో ఒక సౌదీ ఇంజనీర్ పెళ్లికి ముందు ఆ కాగితం తెచ్చుకోవడం చూసి, మాకూ ఇట్లాంటి టెస్టు ఉండి ఉంటేనా అనుకున్నా. డాక్టర్‌ను అడిగితే లేదన్నారు. సికిల్ సెల్‌కు కారణం ఒకే జన్యువు. అది ఉందో లేదో పరీక్షలో తేలిపోతది. బైపోలార్‌లో 2021లో 40 వేల మందికి పైగా రోగుల జన్యువులను చూస్తే, సంబంధం ఉన్న చోట్లు 64 దొరికాయి. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. అందులో కొన్ని మీలో, నాలో, జబ్బు లేని అందరిలోనూ ఉంటాయి. మన పనిలో స్లాబ్ పగిలితే ఒక్క సిమెంట్‌నే అంటామా? నీళ్లు ఎక్కువయ్యాయా, జులై మధ్యాహ్నం పోశారా, క్యూరింగ్‌కు గోనెపట్టాలు తడిపారా, ఇన్ని చూస్తాం. నిద్ర లేకపోవడం, గంజాయి, పెద్ద దెబ్బ తగలడం లాంటివి ఇక్కడ కలుస్తాయి.

ఇంకో మాట, ఆడవాళ్ల కోసం. ఒకప్పుడు డాక్టర్లే తల్లులను తప్పు పట్టారు. 1948లో ఫ్రీడా ఫ్రోమ్-రైష్‌మన్ అనే పెద్ద మానసిక వైద్యురాలు, స్కిజోఫ్రీనియాను పుట్టించే తల్లులు ఉంటారని రాసింది. దశాబ్దాల పాటు ఎందరో తల్లులు ఆ నింద మోశారు. తర్వాత పరిశోధనల్లో అది నిలబడలేదు. మన ఊళ్లో మాత్రం ఇంకా నడుస్తోంది, "దాని పెంపకం అట్లుంది" అని. మా ఆవిడ కూడా ఆ మాట పడింది. మా చుట్టాలే అన్నారు, మా అమ్మ సంగతి తెలిసిన చుట్టాలే.

రెండు వారాలు నిద్ర పట్టలేదు నాకు. ఒక శుక్రవారం ఫోన్ చేసి మా ఆవిడకు అంతా చెప్పేసిన. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: "పెళ్లికి ముందు చెప్పలేదని కాదు. పోయినేడు, పిల్లగాడు నిద్రపోనప్పుడు ఎందుకు చెప్పలేదు?" దానికి నా దగ్గర జవాబు లేదు. జన్యువులు నేను ఎంచుకుని ఇచ్చినవి కావు. ఆ పదకొండు నెలలు మాత్రం నావి.

మరుసటి సోమవారం డాక్టర్‌కు నేనే చెప్పిన. కోప్పడతారనుకుంటే, అమ్మ ఏ మందు వాడేదో కనుక్కోమన్నారు. మా మేనమామ పాత పెట్టెలో చీటీ దొరికింది: లిథియం. ఇంట్లో ఒకరికి లిథియం బాగా పనిచేస్తే రక్తసంబంధీకులకు కూడా పనిచేసే అవకాశం ఎక్కువట. డాక్టర్ అది లెక్కలోకి తీసుకునే మందు మార్చారు. మేం సిగ్గుపడి దాచిన చీటీ అది.

(ఇక్కడ ఎవరైనా లిథియం వాడుతుంటే ఒక మాట. ఎండలో చెమట పోసి ఒంట్లో నీళ్లు తగ్గితే ఆ మందు రక్తంలో పెరిగి విషం కావచ్చు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం ఉన్నా, మిగతా గంటల వేడి తక్కువేం కాదు. డాక్టర్‌కు మీ పని ఏంటో చెప్పండి. మందు మాత్రం సొంతంగా ఆపకండి. ఇంకా, నిద్రగోళీల్లాంటివి ఊరి నుంచి దోస్తు బ్యాగులో తెప్పించుకోకండి. ఇక్కడ వాటిలో చాలా వాటికి ముందే అనుమతి కావాలి.)

"నేను దగ్గరుంటే వచ్చేది కాదేమో" అని కూడా చాలామంది అడిగారు. నేనూ అడిగిన. డాక్టర్ అన్నారు: "ఉన్నా వచ్చేదేమో. కానీ ముందే కనిపెట్టేవారు." చేదుగా ఉన్నా నిజం. ఆ బాధతో నేను చేసిన పని ఇంకోటి ఉంది. రోజుకు ఎనిమిది సార్లు ఫోన్. గోళీ వేసుకున్నావా, పడుకున్నావా, ఎవరితో ఉన్నావు. వాడు ఫోన్ ఎత్తడమే మానేశాడు. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన 1950ల నుంచే దీని మీద పనిచేశారు. స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రి నుంచి ఇంటికి పోయినవాళ్లలో, ఎప్పుడూ తప్పులు పట్టే ఇళ్లకు, అతిగా మీదపడిపోయే ఇళ్లకు పోయినవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. 1980లలో చండీగఢ్‌లో అదే పద్ధతిలో చూస్తే, లండన్ కంటే అలాంటి ఇళ్లు చాలా తక్కువ కనిపించాయి. బైపోలార్‌లో కూడా ఇంటి వాతావరణం లెక్కే అని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు రోజుకు ఒకసారే చేస్తున్నా. గోళీ సంగతి వాళ్లమ్మ చూసుకుంటది. నేను క్రికెట్ మాట్లాడతా.

డాక్టర్ దగ్గరికి పోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు, ఇంటివాళ్లతో టెలీ-మానస్ 14416కు చేయించండి. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీకే బాగా లేకపోతే ఇక్కడ ఆరోగ్య శాఖ నంబర్ 937.

మా బిడ్డకు పదిహేనేళ్లు. పోయిన వారం ఫోన్‌లో మెల్లగా అడిగింది: "డాడీ, నాకూ వస్తదా?" పాత నేనైతే "ఛ, అట్లాంటి మాటలొద్దు" అనేవాణ్ణి. చెప్పిన: అన్నకు వచ్చింది కాబట్టి నీకు వచ్చే అవకాశం అందరికంటే కొంచెం ఎక్కువ, రాకపోవడానికే చాలా ఎక్కువ అవకాశం. రాత్రి నిద్ర పాడుచేసుకోకు. ఎప్పుడైనా రెండు మూడు రోజులు నిద్ర అక్కర్లేదు అనిపిస్తే ముందు నాకు చెప్పు, ఎంత రాత్రైనా సరే. "నువ్వు తిట్టవు కదా?" అంది. తిట్టను అన్నా. తర్వాత వాళ్ల నానమ్మ పాటలు బాగా పాడేదట కదా అని అడిగింది. అర్ధగంట అదే మాట్లాడుకున్నాం.